సిమెంటు దుర్యోధనుడు

తిరుపతి రైల్వే స్టేషనుకు ఎదురుగా ఉండే ఒక లాడ్జికి నేను రాసిన మొదటి బోర్డు "మరుగుదొడ్లు" అని. అక్షరాలు చక్కగా కుదిరాయి. కింద వేసిన బాణం గుర్తు మాత్రం వంటగది వైపు తిరిగింది. చెంబులు పట్టుకుని తలుపు తోసుకొచ్చే యాత్రికులను వంటమాస్టరు గరిటెతో అదిలించి అదిలించి, చివరికి అదే గరిటెతో నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. ఆరో తరగతి సగంలో బడి మానేశాననీ, కుడి ఎడమల పాఠం ఏడో తరగతిలో ఉండి ఉంటుందనీ నేను మనవి చేసుకున్నాను.

నవ్వింది లాడ్జి ఓనరు ఒక్కడే. "బాణం తప్పినా రాత బాగుండాదప్పా. ఈడ్నే ఉండు," అన్నాడు. డెబ్బైల మొదట్లో మాట ఇది. అలా నేను ఆ లాడ్జి పెయింటర్నయ్యాను. గది నెంబర్లు, "గోడ మీద ఉమ్మరాదు", మెట్ల దగ్గర ఒక గోపురం బొమ్మ, ఏడాదికొకసారి కిటికీలకు రంగు. ఆ లాడ్జి పని లేనప్పుడు పక్క లాడ్జీలు.

నేను అక్కడ కుదురుకోబట్టే కొన్నాళ్లకు మా నాయన కూడా అక్కడికి రావలసి వచ్చింది. ఆయన రావలసిన మనిషి కాదు.

మా ఊరు చిత్తూరు నుంచి అరవదేశం వైపు పోయే దారిలో, రోడ్డు దిగి గుట్టల మధ్యకు నడిస్తే వస్తుంది. చెరువు కింద మాకొక చిన్న వరి కయ్య, గట్టు మీద చెనిక్కాయలు వేసుకునే మెట్ట చేను ఉండేవి. వాటితో కడుపు నిండేది, నిండనప్పుడు అమ్మ నోరు నిండేది. కానీ ఊరు మా నాయనను లెక్కలో పెట్టుకున్నది సేద్యం చూసి కాదు. మా ఊరి దుర్యోధనుణ్ణి చేసేది ఆయన.

మా వైపు వాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు గానీ, తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. ఎండాకాలంలో ధర్మరాజుల గుడి ముందు పద్దెనిమిది రోజుల భారతం జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి నాటకం. ఆఖరి రోజు పొద్దున దుర్యోధనుడు చావాలి. ఆ చచ్చేవాడు వేషగాడు కాదు, మట్టి మనిషి. గుడి ముందర బయల్లో వెల్లకిలా పడుకుని ఉంటాడు. తల దగ్గర నిలబడి పిలిస్తే కాళ్ల దగ్గరున్నవాడికి సరిగా వినిపించదు, అంత మనిషి. చెరువు మన్ను బండ్ల మీద తోలుకొచ్చి, నీళ్లు పోసి తొక్కి, కుప్ప వేసి, ఆ కుప్పలోంచి మనిషిని తీయడం మా నాయన పని. తొడలో ఎర్రనీళ్ల కుండ పూడ్చిపెట్టేవాడు. భీముడి వేషం కట్టినాయన గద ఎత్తి ఆ తొడ మీద కొడితే కుండ పగిలి ఎర్రగా చిమ్ముతుంది. ద్రౌపది వేషం ఆ నీళ్లు తలకు రాసుకుని జుట్టు ముడి వేస్తుంది. ఆ తరవాత ఆడవాళ్లు చీపుర్లూ చేటలూ తీసుకుని మీద పడతారు. మా అమ్మ ఎప్పుడూ ముందు వరసలో ఉండేది. మొగుడి మీద ఏడాది పొడుగునా దాచుకున్నదంతా ఆ పూట మొగుడు చేసిన మనిషి మీద దులుపుకుంటుందని ఊళ్లో అనేవాళ్లు. అబద్ధమని అమ్మ కూడా అనలేదు.

కాసేపటికి అక్కడ మనిషి ఉండడు, మన్ను ఉంటుంది. తలా ఒక పిడికెడు తీసుకుపోయి కయ్యలో చల్లుకుంటారు, గాదెలో వేసుకుంటారు. వాడు చస్తే వాన వస్తుందని నమ్మకం. చావకపోతే ఏమవుతుందో ఎవరూ ఆలోచించలేదు, ఎందుకంటే వాడు చావని ఏడాది లేదు.

మిగతా ఊళ్లలో దుర్యోధనుడికి మీసాలు పెట్టి, కళ్లు ఎర్రగా దిద్ది వదిలేసేవాళ్లు. మా ఊళ్లో అలా కాదు. మా నాయన ప్రతి ఏడూ ఊళ్లో ఒకరి పోలిక వాడికి పెట్టేవాడు. ఒక ఏడు మునసబు మీసం, ఒక ఏడు కొలిమి దగ్గర కూర్చునే తాత ముక్కు, ఒక ఏడు పాలు పోసే అవ్వ కనుబొమలు. ఆఖరి రోజు పొద్దున జనం చేసే మొదటి పని, వాడి చుట్టూ తిరిగి "ఈ యేడు ఎవురబ్బా?" అని కనిపెట్టడం. కనిపెట్టగానే నవ్వు. ఆ మనిషి ఆ రోజు ఊరందరికీ మజ్జిగ పోయాలి. తన పోలిక వచ్చినందుకు ఎవరూ అలగలేదు, రాలేదని అలిగినవాళ్లు ఉన్నారు. నేను బడి మానేసిన ఏడు వాడికి నా ముందుపళ్లు పెట్టాడు. ఊరంతా నా పళ్లు చూసి నవ్వుతుంటే కడవ భుజాన పెట్టుకుని మజ్జిగ పోస్తూ తిరిగాను. బళ్లో ఉండి ఉంటే నాకు అంత పేరు వచ్చేది కాదు.

ఇంకొక సంగతి చెప్పాలి, జరిగిందంతా దాని మీదే జరిగింది. ఊరంతా మన్ను తీసుకుపోయాక దుర్యోధనుడి గుండెకాయ ఉండేచోటి నుంచి నాయన ఒక ముద్ద తీసి దాచేవాడు. పాతగుడ్డలో చుట్టి, ఇంట్లో ఉట్టి మీద పెట్టేవాడు. మరుసటి ఏడు కొత్తమన్ను తొక్కేటప్పుడు ఆ ముద్ద తడిపి అందులో కలిపేవాడు. పాలకు తోడు వేసినట్టన్నమాట. దానికి పేరు కూడా అదే, తోడుమన్ను. వాళ్ల నాయన చేసిన వాడిలోంచి, ఆయన నాయన చేసిన వాడిలోంచి, అలా వస్తూ ఉన్న మన్ను. అందుకే మా ఊళ్లో చచ్చేది ఎప్పుడూ ఒకడే దుర్యోధనుడు. ప్రతి ఏడూ వాడే పుట్టి వాడే చస్తాడు.

తరవాత వానలు తప్పాయి. ఒక ఏడు తప్పితే సర్దుకున్నారు. మరుసటి ఏడూ తప్పితే భారతం గొప్పగా చేశారు. ఆ పైన కూడా తప్పితే చేసే ఓపిక లేకపోయింది. చెరువులో మేకలు మేసే రోజులొచ్చాయి. మా బావిలో ఎద్దులతో నీళ్లు తోడే కపిల బాన దింపితే రాయి తగిలిన చప్పుడు పైకి వినిపించేది. కొందరు బెంగళూరుకు, కొందరు మద్రాసుకు, కొందరు నగరి వైపు మగ్గాల దగ్గర కూలికి వెళ్లిపోయారు. మా నాయన ఎద్దులను సంతకు తోలేసి, అమ్మను వెంటబెట్టుకుని, చంకలో ఒక గుడ్డ మూటతో లాడ్జి గేటు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. మూటలో ఏముందో నేను అడగలేదు. ఊరొదిలి వచ్చేవాడు ఏదో ఒకటి తెచ్చుకుంటాడు. ఆయన తెచ్చుకున్నది ఒక మట్టిబెడ్డ.

ఓనరు ఆయనకు లాడ్జి పెరట్లో చెట్లకు నీళ్లు పోసే పని ఇచ్చాడు. వెనకాల ఒక గది ఇచ్చాడు. నాయన పొద్దున నీళ్లు పోసేవాడు, సాయంత్రం నీళ్లు పోసేవాడు, మధ్యలో గోడకు ఆనుకుని తన చేతులను చూసుకుంటూ కూర్చునేవాడు. నేను ఏదైనా ఒక పరాచికం ఆడితే ముఖం నా వైపు తిప్పి, అది పరాచికమని గుర్తుపట్టడానికి కొంతసేపు తీసుకునేవాడు. మా ఊరి నుంచి మనిషి ఎవరైనా కొండకు వస్తే మాత్రం ఒకే మాట అడిగేవాడు.

"ఈ యేడన్నా భారతం పెడతా ఉండారా?"

"యాడ భారతం మామా. తాగేదానికే నీళ్లు లేవు, మన్ను తొక్కేదానికి యాడ తెచ్చేది?"

అడగడం ఆయన మానలేదు, ఆ జవాబు మారలేదు. ఒక రోజు అమ్మ గది ఊడుస్తూ ఆ మూట కిందపడి కొంత మన్ను రాలితే చీపురుతో ఎత్తబోయింది. నాయన పరుగెత్తుకొచ్చి నేల మీద మోకాళ్లూని, రాలిన మన్నంతా వేళ్లతో ఏరి గుడ్డలో పోసుకున్నాడు.

"పొడి పొడి అయిపోతా ఉండాది," అన్నాడు. "తడి తగిలి శానా యేండ్లాయె. ఇట్నే ఉంటే ఒకనాడు గాలికి పోతాది."

అమ్మ ఏమీ అనలేదు. మా అమ్మ ఏమీ అనని రోజులు తక్కువ కాబట్టి నాకు గుర్తుంది.

ఓనరు కూడా పల్లె నుంచి చిన్నప్పుడే వచ్చిన మనిషి. మా ఊరికి పక్క ఊళ్లో వాళ్ల వాళ్లకు అంగడి ఉండేది. ఒక మధ్యాహ్నం నాయన తడిమన్ను చేతిలో నలుపుతూ, తనకు తెలియకుండానే, తొట్టి గట్టు మీద ఒక చిన్న దుర్యోధనుణ్ణి పండబెట్టాడు. జానెడు మనిషి. ఓనరు అది చూసి దాని పక్కనే గొంతుక్కూర్చున్నాడు.

"చిన్నప్పుడు మా నాయన భుజాల మీద కూసోని సూసినానప్పా దీన్ని," అన్నాడు. "మనం లాడ్జి నడివాకిట్లో పెద్దది చేస్తే? ఊరు ఒదిలొచ్చినోళ్లు ఎంతమంది లేరు ఈ తిరపతిలో. వచ్చి సూసుకుంటారు."

నాయన ముఖంలో నేను ఎన్నేళ్లుగానో చూడని వెలుగు వచ్చింది. "మన్ను యాడిది తోలిస్తారు సామీ?" అన్నాడు.

"మన్నెందుకు? ఒక వాన పడితే కరిగిపోతాది. సిమెంటుతో చెయ్యి. పది కాలాలు ఉంటాది."

"ఉండేదానికి కాదు సామీ వాడు."

"మరెందుకు?"

నాయన చేతికంటిన మన్ను తొట్టిలో దులుపుకున్నాడు. గదికి వచ్చి, మూట ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. నేను తమాషాగా అన్నాను, "చెయ్యి నాయనా. మన్నుతో చేస్తే ఆడోళ్లు చీపుర్లతో కొట్టినారు, సిమెంటుతో చేస్తే చీపుర్లే ఇరిగిపోతాయి. అమ్మకు బుద్ధొస్తాది." ఆయన నవ్వలేదు. "ఊర్లో ఇంగ భారతం జరగదురా," అన్నాడు. అది నన్ను అడిగినట్టు లేదు, చెప్పినట్టూ లేదు.

మరునాడు ఓనరు దగ్గరికి వెళ్లి సరే అన్నాడు.

ఒక మేస్త్రీ ఇటుకలతో గట్టు కట్టి, కమ్మీలు వంచి ఇచ్చాడు. దాని మీద నాయన సిమెంటు పూస్తూ వచ్చాడు. మన్నయితే ఇవాళ చేసిన చెక్కిలి నచ్చకపోతే రేపు తడిపి తీసేయవచ్చు. సిమెంటు ఆగదు. ఆయన చెయ్యి ఆలోచించే లోపల అది గట్టిపడేది. వేళ్ల చివర్లు ఒరుసుకుపోయి నెత్తురు చెమ్మ కనిపించేది, అమ్మ కొబ్బరినూనె రాసేది. ముఖం దగ్గరికి వచ్చేసరికి నేను పక్కనే రంగు డబ్బాలు కలుపుతూ కూర్చున్నాను. మీసం చూస్తే మునసబుది. ముక్కు చూస్తే కొలిమి తాతది. కనుబొమలు పాలవ్వవి. చెవి తమ్మె మా మేనత్తది. గడ్డం కింద మడత మా ఊరి పూజారిది. పై పెదవి కింద నుంచి నా ముందుపళ్లు తొంగి చూస్తున్నాయి.

"ఏమి నాయనా, అందరినీ ఒకడికే పెట్టేస్తా ఉండావు? వచ్చే యేటికి మిగిలిచ్చుకోవా?" అన్నాను.

"వచ్చే యేడు ఉంటే గదా," అన్నాడు.

ఛాతీ మూసే రోజున గుడ్డ మూట తెచ్చాడు. ఉట్టి మీద నుంచి తీసుకున్నప్పుడే అమ్మకు అర్థమైనట్టుంది, వెంటే వచ్చింది. మేస్త్రీ గమేళాతో సిమెంటు పట్టుకుని నిలబడ్డాడు. నాయన ఆ బెడ్డను నీళ్లతో తడిపాడు. ఆ మన్ను తడి పీల్చుకుంటూ నల్లబడుతుంటే కాసేపు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. తరవాత దుర్యోధనుడి గుండెకాయ ఉండేచోట, ఇటుకల సందులో పెట్టాడు.

"ఆలోచన చేస్కో," అంది అమ్మ.

"ఇంట్లో ఉంటే దుమ్మైపోతాది. ఈడ ఉంటే వాడి లోపల ఉంటాది," అన్నాడు నాయన. మేస్త్రీ వైపు తిరిగి, "ముయ్యప్పా," అన్నాడు.

నేను రంగులు వేశాను. నీలం ఎనామిలు ఒంటికి, ఎరుపు పంచెకు, నలుపు మీసానికి. అయిపోయిన రోజు ఓనరు అందరికీ మిఠాయి పంచాడు. మా ఊరి నుంచి వచ్చి తిరుపతిలో బతుకుతున్నవాళ్లు కొందరు వచ్చి, ముఖం చూసి, ఒక్కొక్కరినీ పేరు పెట్టి గుర్తుపట్టి, నవ్వి, ఆ వెంటనే కళ్లు తుడుచుకున్నారు. నాయన మాత్రం దూరంగా గొట్టం పట్టుకుని చెట్లకు నీళ్లు పోస్తున్నాడు.

కొన్నాళ్లు వాడు దుర్యోధనుడిగానే ఉన్నాడు. కానీ తిరుపతిలో ఒక మనిషి నీలంగా వెల్లకిలా పడుకుని ఉంటే, వాడు దుర్యోధనుడని ఏ యాత్రికుడు అనుకుంటాడు? లాడ్జిలో దిగిన అరవ ముసలమ్మ ఒకామె పొద్దున్నే స్నానం చేసి వస్తూ చూసి, "పెరుమాళే" అని చెంపలేసుకుంది. శ్రీరంగంలో రంగనాథస్వామి ఇలాగే పడుకుని ఉంటాడు గదా. సాయంత్రానికి వాడి పాదాల దగ్గర తులసి ఉంది. నేను ఆమెకు చెప్పాను, "అమ్మా, ఈయప్ప దుర్యోధనుడు. పాండవులకు సూదిమొన మోపినంత స్థలం కూడా ఇయ్యనోడు." ఆమె నన్ను పైకీ కిందికీ చూసి, తెలుగు అర్థం కానట్టుగా కర్పూరం వెలిగించింది.

ఆ తరవాత ఆగలేదు. కొండకు వెళ్లే ముందు ఒక దండం, దిగాక ఒక దండం. ఎవరో నుదుటిన నామం దిద్దారు. ఎవరో మొక్కుకుని తల వెనకాల పడగలు కట్టించారు. ఓనరు మొదట్లో నవ్వాడు, తరవాత పైన రేకుల పందిరి వేయించాడు, ఆ తరవాత చెప్పులు వదిలి లోపలికి వెళ్లడం మొదలుపెట్టాడు. నాటకం కాదు, ఆయనకు నిజంగానే భక్తి కుదిరింది. మా పాలవ్వ కనుబొమల మధ్య నామం పెట్టుకుని, నా ముందుపళ్లతో నవ్వుతూ, మునసబు మీసంతో వాడు గోవిందలు వింటూ పడుకున్నాడు. నాయన రోజూ పాదాల దగ్గర వాడిన తులసి ఊడ్చేవాడు. ఆయన ఇప్పుడు నీళ్లు పోసేవాడు, ఊడ్చేవాడు. చేసినవాడు ఆయనేనని కొత్త యాత్రికులకు ఎవరూ చెప్పలేదు. ఆయనా చెప్పుకోలేదు.

ఎనభైలు వచ్చాక ఒక ఎండాకాలం మొదట్లో భీముడు వచ్చాడు.

భీముడంటే మా ఊళ్లో ఆ వేషం కట్టే ఆయన. నాయనకు వరసకు బావమరిది, నాకు మామ. నాయన చేసిన దుర్యోధనుణ్ణి ఏటేటా కొట్టింది ఈయనే. అప్పటికి జుట్టు తెల్లబడింది గానీ భుజాలు అలాగే ఉన్నాయి. గదిలోకి వచ్చి కూర్చుని, అమ్మ ఇచ్చిన నీళ్లు తాగి, నాయన అడగకముందే చెప్పాడు.

"భారతం పెడతా ఉండాము బావా."

గోడకు ఆనుకుని ఉన్న నాయన ముందుకు జరిగి కూర్చున్నాడు.

"ఊర్లో ఉండేవోళ్లు, బెంగుళూరోళ్లు, అందరూ కలిసినాము. ఈ యేడు గూడా వాన రాకపోతే ఊరనేది ఉండదు. చెరువులో ఇంగా రవ్వంత తడి ఉండాది నడిమధ్యలో, అది సాలుతాది. నువ్వు తోడుమన్ను తీస్కోని రా."

అమ్మ లేచి బయటికి వెళ్లిపోయింది. నాయన కూడా లేచి, "రా, సూపిస్తా," అన్నాడు.

నడివాకిట్లో ఆ పూట జనం ఎక్కువగా ఉన్నారు. మామ పందిరి కింద నిలబడి, పడగలు, నామం, పూలదండలు అన్నీ చూశాడు. ముఖం చూడగానే ఊరంతా ఆయనకు కనిపించింది. "మునసబు... తాత... ఈ పళ్లు నీయి గదరా," అని నా వైపు చూసి నవ్వబోయాడు. నాయన చెయ్యి దుర్యోధనుడి ఛాతీ మీద పెట్టి, "ఈడ ఉండాది," అన్నాడు. మామ నవ్వు ఆగిపోయింది.

"ఎవురికి పెట్టినారు బావా నామం, ఈడికా, నీకా?" అన్నాడు.

తరవాత ఆయన నడిచి తొడ దగ్గరికి వెళ్లాడు. అలవాటు. ఏటేటా తాను పగలగొట్టిన తొడ. అరచెయ్యి దాని మీద పెట్టి, చప్పుడు కోసం తట్టి చూసినట్టు తట్టాడు. "కొట్టమంటావా బావా? గడ్డపార ఉంటే సాలు," అని మెల్లిగా అడిగాడు.

నాయన ఓనరు కోసం చూశాడు. ఓనరు అప్పటికే అక్కడ ఉన్నాడు. సంగతంతా విన్నాడు. కోపపడలేదు, అందుకే ఇంకా కష్టమనిపించింది. కళ్లలో నీళ్లు పెట్టుకున్నాడు. "నన్నేమి సెయ్యమంటావప్పా. నేను కొట్టమన్నా ఈ జనం కొట్టనిస్తారా? సూడు, పిల్లోళ్లకి పేర్లు పెట్టుకుంటా ఉండారు ఈడ. దేవుడైపొయినోణ్ణి గడ్డపారతో కొడితే నేనింగ ఈ తిరపతిలో బతికేదెట్లా?"

"దేవుడు కాదు సామీ," అన్నాడు నాయన. "మా ఊరోడు."

అంతలో వరసలో ఉన్న ఒకావిడ మామ మీద కేకేసింది. "ఏమయ్యా, స్వామి తొడ మీద చెయ్యేస్తావా? కాళ్లకు మొక్కు." వెనకనున్నవాళ్లూ అందుకున్నారు. ఊళ్లో గద ఎత్తితే జనం వెనక్కి తగ్గేవాళ్లు, అలాంటి మనిషి. అటూ ఇటూ చూసి, చెయ్యి తీసి, దుర్యోధనుడి కాళ్ల దగ్గరికి వెళ్లి దండం పెట్టుకున్నాడు. నేను ఏ సంగతినైనా తమాషా చేసి చెప్పగలను. దీన్ని చెప్పినప్పుడు వినేవాళ్లు నవ్వుతారు కూడా. చెప్పడం అయ్యాక నాకే బాగుండదు.

తోడుమన్ను లేకుండానే నాయన ఊరికి వెళ్లాడు. నేనూ అమ్మా వెంట వెళ్లాం. వద్దని ఆయనకు చెప్పేవాళ్లు లేరు. పెద్దవాళ్లు కొందరు గొణిగారు, తోడు లేకుండా ఎట్లా అని. మామ సర్దిచెప్పాడు. చెరువు నడిమధ్య తవ్వితే వచ్చిన మన్ను సగం సున్నపురాయి. నీళ్లు దూరం నుంచి పీపాలతో తెచ్చి పోసి తొక్కారు. అది పట్టుకోలేదు. చెయ్యి కుదిర్చి ఇవతలికి తిరిగేలోపల భుజం బీటలిచ్చేది. ఆయన తడిపి మూసేవాడు, ఎండ మళ్లీ తెరిచేది. సిమెంటుకు అలవాటు పడిన వేళ్లు తొందరపడుతున్నాయని అమ్మ అంది. నాయన అది విని తల ఊపాడు.

ఆఖరి రోజు పొద్దున జనం చుట్టూ చేరారు. బెంగళూరు నుంచి వచ్చినవాళ్లు, వాళ్ల పిల్లలు, పాతవాళ్లు. "ఈ యేడు ఎవురబ్బా?" అని ఒకరు పాత అలవాటు కొద్దీ అన్నారు. అందరూ తిరిగి తిరిగి చూశారు. అది ఎవరి ముఖమూ కాదు. కళ్లున్నాయి, ముక్కుంది, మీసముంది. ఎవరివీ కావు. ఇంకొకసారి చుట్టూ తిరిగారు. ఒక ముసలాయన "నాది గూడా కాదే," అని తనలో తను అనుకుని పక్కకు వెళ్లి కూర్చున్నాడు. మజ్జిగ కడవ నింపి పెట్టి ఉంది, ఎవరు పోయాలో తెలియక అలాగే ఉండిపోయింది.

నేను నాయన పక్కకు వెళ్లి నిలబడ్డాను. "ఎవురిది నాయనా?" అని అడిగాను.

"ఎవురూ గుర్తు రాలేదురా," అన్నాడు. "కండ్లు మూస్కుంటే ఆ సిమెంటోడే వస్తా ఉండాడు. అందర్నీ ఆడ పెట్టేసినా గదా."

మామ గద ఎత్తి కొట్టాడు. కుండ పగిలింది. ద్రౌపది వేషం జుట్టు ముడి వేసుకుంది. ఆడవాళ్లు చీపుర్లు ఎత్తారు గానీ దెబ్బల్లో పస లేదు, వాకిలి ఊడ్చినట్టు ఊడ్చారు. మా అమ్మ చీపురు పట్టుకుని దూరంగా నిలబడింది. కొందరు పిడికెడు మన్ను తీసుకున్నారు, కొందరు మరిచిపోయారు. ఛాతీ ఉన్నచోట నాయన వంగి చేత్తో వెతికి, ఒక ముద్ద తీసి, చూసి, మళ్లీ అక్కడే పెట్టేశాడు.

ఆ ఏడూ వాన రాలేదు. మళ్లీ ఊళ్లో భారతం పెట్టలేదు. మామ నాయనను ఒక్క మాట కూడా అనలేదు, ఊళ్లో అన్నవాళ్ల మాటలు మాత్రం బస్సుల మీద తిరుపతి దాకా వచ్చాయి. నాయన లాడ్జికి తిరిగొచ్చి ఊడ్చే పనిలో పడ్డాడు. మన్ను ముట్టుకోలేదు. చెట్ల మొదళ్లకు పాదులు తీయాలన్నా నన్ను తీయమనేవాడు. అప్పుడప్పుడు జనం లేని మధ్యాహ్నాల్లో పందిరి కింద కూర్చుని, వాడి ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని ఉండేవాడు. భక్తుడనుకుని ఒకరిద్దరు ఆయన కాళ్లకు కూడా మొక్కారు. అలాగే ఒక మధ్యాహ్నం అక్కడే ఒరిగిపోయాడు. చాలా పుణ్యం చేసుకున్న మనిషి, స్వామి పాదాల దగ్గర పోయాడని యాత్రికులు చెప్పుకున్నారు.

ఊళ్లో కర్మకాండలన్నీ అయ్యాక గది ఖాళీ చేయడానికి అమ్మను తీసుకుని లాడ్జికి వెళ్లాను. పందిరి కింద ఎప్పటిలాగే కొబ్బరికాయలు పగులుతున్నాయి. అమ్మ ముఖం చూడలేక, ఏదో ఒకటి మాట్లాడాలి కాబట్టి, గేటు దగ్గర ఒక కాయ తీసుకుని ఆమె చేతికిచ్చాను.

"కొట్టమ్మా, నాయన పేరు మీద. ఇంట్లో చేసిన దేవుడు, పూజారి లేకపోయినా పలుకుతాడు," అన్నాను.

అమ్మ ఆ కాయను నా సంచిలో వేసేసింది.

"కాయ కొట్టేదానికి కాదురా మీ నాయన ఈణ్ణి చేసింది. గద తెచ్చియ్యి, కొడతా."